సైకిలు తొక్కించేవారికి చదువెందుకు?

(ప్లాటినం జూబిలీ పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



కార్యక్రమ పత్రంలో నా పేరుకెదురుగా 'మన పాఠశాల – రేపటి దినం' అని అచ్చువేశారు. ఆ విషయమై నాకంటె పెద్దలు ఇప్పటికే సవిస్తరంగా మాట్లాడారు. కనుక అధ్యక్షులవారి అనుమతితో నేను వేరొక చిన్న విషయాన్ని మీ ముందుంచుతాను. చిన్నదే గాని, దానిపై నిర్ణయం ఈ నెల ముగిసేలోగా జరగవలసి ఉన్నది.

పాత సైన్సు గది ప్రక్కనున్న హాలును మీలో చాలామంది ఈ ఉదయం చూసే ఉంటారు. అందులో పది కదలని సైకిళ్ళు వరుసగా అమర్చి ఉన్నవి. అవి మన పూర్వ విద్యార్థులు జూబిలీ కానుకగా సమర్పించినవి. ఉదయం ఆరు గంటలకు తల్లులకు, సాయంత్రం బడి వదిలిన పిమ్మట తొమ్మిదవ తరగతి దాటిన బాలికలకు వాటిమీద వ్యాయామం చేయించాలన్నది సంకల్పం. ఈ ఏర్పాటుకు సంబంధించిన సమావేశంలో నేనొక కోరిక కోరాను. సైకిళ్ళతోబాటు, వాటిమీద వ్యాయామం నేర్పే శిక్షకురాలి చదువు నిమిత్తం కూడ ప్రతి రెండేళ్ళకొకసారి కొంత సొమ్ము కేటాయించాలని అడిగాను. అప్పుడొక పెద్దాయన ఎంతో వాత్సల్యంతోనే, "అమ్మా, సైకిలు తొక్కడానికి చదువెందుకు? మేమంతా అద్దె సైకిలు మీద మోకాళ్ళు చెక్కుకుపోగా నేర్చుకొన్నవాళ్ళమే గదా! ఇది పడేసే సైకిలు కూడ కాదాయె" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కాని ఇంటికి వెళ్ళిన తరువాత కూడ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. నాటి సభలో వెంటనే ఇవ్వలేకపోయిన జవాబే నేటి ఈ ప్రసంగం.

ముందుగా ఆ యంత్రాన్ని గూర్చి రెండు మాటలు. వింతేమంటే, రోడ్డుమీద తిరిగే సైకిలు పుట్టకముందే కదలని సైకిలుకు మూలమైన యంత్రం పుట్టింది. 1796లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆయన జిమ్నాస్టికాన్ అనే సాధనాన్ని రూపొందించాడు. కీళ్ళు పట్టుకుపోయిన రోగులచేత కాళ్ళూ చేతులూ ఆడించడం దాని ప్రయోజనం. అంటే అది వైద్యసాధనంగా మొదలైనది. దానిని పదుగురు కలిసి సంగీతంతో చేసే వ్యాయామంగా ప్రచారంలోకి తెచ్చినవాడు జానీ గోల్డ్‌బర్గ్. దక్షిణాఫ్రికాలో పుట్టి, అమెరికాలో స్థిరపడిన ఈ సైకిలు వీరుడు, అమెరికా దేశాన్ని ఒక తీరంనుండి మరొక తీరానికి దాటే సుదీర్ఘ పందానికి సాధన చేస్తూ, చీకటి రోడ్లమీద ప్రాణాపాయం ఎందుకని 1980ల చివర ఇంటివద్దనే ఒక కదలని సైకిలును తయారు చేసికొన్నాడంటారు. 1990ల నడుమ అది కర్మాగారాలలో తయారై దేశదేశాలకు ప్రాకింది. చెన్నైకి కూడ వచ్చింది. నేడు మన బడి హాలులోకీ వచ్చింది.

ఇది పడేసే సైకిలు కాదన్న మాట నిజమే. అయితే దీని ప్రమాదం వేరొకచోట ఉన్నది. మన వీధి సైకిలు మీద కాళ్ళు ఆపితే పెడళ్ళు ఆగిపోతాయి, చక్రాలు మాత్రం తిరుగుతూంటాయి. ఈ తరగతులలో వాడే సైకిళ్ళలో అనేకం అట్లా కాదు. ముందుభాగాన ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. పెడళ్ళు దానికి నేరుగా బిగించి ఉంటాయి. మీరు ఆపుదామనుకొన్నా ఆ చక్రం ఆగదు, మీ కాళ్ళను తనతో త్రిప్పుకొంటూ పోతుంది. మర నొక్కి దానిని నిలపాలి. క్రొత్తగా ఎక్కిన ఏబది ఏళ్ళ తల్లి బెదరి, ఒక కాలు తీసి క్రింద పెట్టబోతుందనుకోండి, ఆ పెడలు వెనుకనుండి వచ్చి పిక్కను కొడుతుంది. మన తల్లులు చున్నీ వేసికొని వస్తారు. ఆ కొస చక్రంలో చిక్కుకొంటే ఏమౌతుందో నేను వర్ణించనక్కరలేదు. సీటు ఎత్తు తుంటి ఎముకకు సరిపడా ఉండాలి. పెడలు అడుగుకు చేరినపుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. సీటు మరీ క్రిందికి ఉంటే మోకాలిచిప్పమీద భారం పడుతుంది. మరీ పైకి ఉంటే నడుము అటూ ఇటూ ఊగుతుంది. వీటిని ఒకరు ప్రక్కన నిలబడి చూసి సరిదిద్దాలి.

ఇంతవరకు నేను చెప్పినదంతా ఒక్క పూటలో నేర్చుకొనగలిగినదే. అంతమాత్రానికి రెండేళ్ళకొకసారి చదువెందుకు? అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబుగా నా తప్పునొకదానిని మీ ముందు ఒప్పుకోవలసి ఉన్నది.

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, వేరొక ఊరిలో, స్వాతంత్ర్య దినోత్సవ కవాతుకు ఎనిమిదవ తరగతి బాలికలచేత సాధన చేయించే బాధ్యత నాకు అప్పగించారు. అది ఆగస్టు నెల, ఎండ తీవ్రంగా ఉన్నది. నడుమ పిల్లలు మంచినీళ్ళకు వెళ్తామంటే నేను వెళ్ళనివ్వలేదు. శ్రమపడుతూండగా నీళ్ళు త్రాగితే కడుపులో పట్టేస్తుందని, ముగిసిన తరువాతనే త్రాగాలని నా చిన్నప్పుడు డ్రిల్లు మాస్టరుగారు చెప్పారు. ఆయనకు వారి గురువు చెప్పి ఉంటారు. నేను జంతుశాస్త్రం చదివిన పట్టభద్రురాలిని, బి.ఇడి. శిక్షణ పొందినదానిని. శరీరంలో నీటి ప్రాముఖ్యాన్ని గురించి తరగతిలో పాఠం చెప్పేదానిని. అయినా మైదానంలోకి వచ్చేసరికి ఆ పాఠం నాకు గుర్తు రాలేదు, డ్రిల్లు మాస్టరుగారే గుర్తుకు వచ్చారు. మూడవ వరుసలోని ఒక బాలిక నిలువునా కూలిపోయింది. నీడకు చేర్చి, తడిగుడ్డ వేసి, ఆసుపత్రికి తీసికొని వెళ్ళాము. దైవానుగ్రహంవలన సాయంత్రానికి కోలుకొన్నది. ఆమె తల్లి నన్ను ఒక్క మాట కూడ అనలేదు. అనివుంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఇక్కడితో ఆగితే 'నీళ్ళు త్రాగించండి' అనే ఒక్క సూత్రం చాలుననిపిస్తుంది. కాని కథ అక్కడ ఆగలేదు. తరువాతి కాలంలో గాలి ఎదురు తిరిగి, దాహమున్నా లేకున్నా ఎంత ఎక్కువ త్రాగితే అంత మేలని దీర్ఘదూరం పరుగెత్తేవారికి బోధించారు. 2002 నాటి బోస్టన్ మారథాన్‌లో పాల్గొన్నవారి రక్తాన్ని పరీక్షించి 2005లో ప్రకటించిన అధ్యయనంలో, పరీక్షింపబడినవారిలో నూటికి 13 మందికి రక్తంలో సోడియం తక్కువగా ఉన్నట్లు తేలింది. దానికి ముఖ్యమైన కారణం అధికంగా ద్రవాలు త్రాగడమే. అది ప్రాణాంతకం కూడ కాగలదు. చూడండి, నా జీవితకాలంలోనే ఒక్క మంచినీళ్ళ విషయంలో రెండుసార్లు పాఠం మారింది. మొదటి పాఠంతో ఆగినవారు పిల్లలను ఎండబెడతారు. రెండవదానితో ఆగినవారు ముంచెత్తుతారు.

ఇట్టివి ఇంకా ఉన్నవి. వ్యాయామం చేసిన మరునాడు ఒళ్ళు నొప్పులు పుట్టడానికి కారణం లాక్టిక్ ఆమ్లం పేరుకొనడమేనని చాలా ఏళ్ళు నేను తొమ్మిదవ తరగతికి చెప్పాను. అది తప్పు. వ్యాయామం ముగిసిన గంట రెండు గంటలలోనే ఆ పదార్థం రక్తంనుండి తొలగిపోతుంది. మరునాటి నొప్పి అలవాటులేని శ్రమవలన కండరపు నారలలో కలిగే సూక్ష్మమైన గాయాలకు సంబంధించినది. నా దగ్గర చదివినవారెవరైనా ఈ సభలో ఉంటే ఆ మార్కులు నాకు తిరిగి ఇచ్చేయవచ్చును.

గుండె వేగం మాట తీసికొందాము. 220 నుండి వయస్సు తీసివేస్తే గుండె కొట్టుకొనగల గరిష్ఠ వేగం వస్తుందన్న లెక్క 1970ల తొలినాళ్ళనుండి వాడుకలో ఉన్నది. ఎన్నో వ్యాయామశాలల గోడలమీద ఆ పట్టిక నేటికీ వ్రేలాడుతూంటుంది. 2001లో అనేక పరిశోధనలను క్రోడీకరించి మరొక సూత్రం చెప్పారు. వయస్సులో పదింట ఏడువంతులు తీసికొని దానిని 208 నుండి తగ్గించాలి. నలుబదియేళ్ళవారికి రెండు లెక్కలకూ 180 వస్తుంది. అరువదియేళ్ళవారికి పాత లెక్కన 160, క్రొత్త లెక్కన 166. పోనీ ఆరుకు అంత పట్టింపెందుకు అంటారా? సరే, ఆరు మాట వదిలేద్దాం. మన తల్లులలో రక్తపోటుకు మాత్రలు వేసికొనేవారున్నారు. వాటిలో బీటా బ్లాకర్ జాతివి గుండె వేగాన్ని అణచి ఉంచుతాయి. ఆ తల్లికి రెండు సూత్రాలూ పనికిరావు. ఆమె ఎంత తొక్కినా చేతి గడియారంలో సంఖ్య అంతగా పెరగదు. తెలియని శిక్షకురాలు "ఇంకా, ఇంకా" అని కేకలు పెడుతుంది. తెలిసినవారు ఆ సంఖ్యను ప్రక్కనపెట్టి, "అమ్మా, మీ మనుమడి పేరేమిటి, ఏ తరగతి?" అని పలుకరిస్తారు. ఆగకుండా ఒక వాక్యం చెప్పగలిగితే శ్రమ మితంగా ఉన్నట్లు, రెండు మాటలకొకసారి ఊపిరి తీసికొంటే తగ్గించాలన్నట్లు. ఇది వినడానికి నానమ్మల పద్ధతిగా ఉన్నా శాస్త్రం దీనిని అంగీకరించింది. మధుమేహానికి ఇన్సులిన్‌ గాని, కొన్ని రకాల మాత్రలుగాని వాడేవారు పరగడుపున వచ్చి తొక్కితే చక్కెర పడిపోవచ్చు. చేతికందే దూరంలో గ్లూకోజు డబ్బా ఉండాలి.

మరొక సంగతి. 2017లో అమెరికాలోని ఒక వైద్యపత్రికలో ముగ్గురు రోగులను గురించి వ్రాశారు. ఈ సైకిలు తరగతికి వెళ్ళి తొక్కిన తరువాత వారి కండరకణాలు చిట్లి, వాటిలోని పదార్థాలు రక్తంలో చేరాయి. తొడలలో భరింపరాని నొప్పి, మూత్రం నల్లటి కోలా రంగు దీని చిహ్నాలు. ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇది అరుదే. అయినా సంగీతం హోరులో ప్రక్కవారితో పోటీపడి తొలిరోజే పూర్తి తరగతి తొక్కేవారికి ఆ ప్రమాదం ఎక్కువ. అందుచేత మొదటి రోజు పదిహేను, ఇరవై నిమిషాలకే దింపివేయాలన్న వివేకం శిక్షకురాలికి ఉండాలి. 2017కు ముందు శిక్షణ పొందినవారిలో ఎందరికి దీనిని గురించి చెప్పి ఉంటారు?

ఇక ఆ సంగీతం. శబ్దం 85 డెసిబెళ్ళున్నచోట ఎనిమిది గంటలు పనిచేయవచ్చునని, ఆపైన ప్రతి మూడు డెసిబెళ్ళకూ ఆ కాలం సగం చేయాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ చెబుతుంది. లెక్క వేసి చూడండి. వంద డెసిబెళ్ళవద్ద మిగిలేది పదిహేను నిమిషాలు. తరగతి ముప్పావుగంట. నేర్చుకొనేవారు రోజుకొక తరగతికి వస్తారు. నేర్పేవారు మూడు తరగతులు చెబుతారు, పైగా ఆ హోరును మించి అరవాలి. గొంతు పోవడమంటే ఏమిటో ఈ సభలో ఉపాధ్యాయులకు నేను చెప్పనవసరం లేదు.

ఇవన్నీ నాకెట్లా తెలిసినవని మీకు సందేహం కలుగవచ్చు. నా విద్యార్థిని వలన తెలిసినవి. ఆమె మన బడిలో పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివింది. ఇంటి పరిస్థితులవలన కళాశాల చదువు సగంలో ఆగిపోయింది. ఒక వ్యాయామశాలలో లెక్కలు వ్రాసే పనికి చేరి, క్రమంగా కదలని సైకిలు తరగతులు చెప్పే స్థాయికి ఎదిగింది. ఆరేడేళ్ళు చక్కగా గడిచిన తరువాత ఒకనాటి సాయంత్రం ధ్రువపత్రం నకలు కోసమని నా గదికి వచ్చి, కూర్చొని, లేవలేదు. కాసేపటికి "మిస్, నేను ఇన్నాళ్ళూ తప్పు నేర్పాను" అన్నది.

క్రొత్తగా వచ్చిన ఒక శిక్షకుడు చూసి చెప్పాడట. మర బొత్తిగా వదులుచేసి వీలైనంత వేగంగా తొక్కించడం, తొక్కుతూ చేతులు రెండూ వదలడం, హ్యాండిలు మీద దండీలు తీయించడం, ఇవన్నీ చూడటానికి హుషారుగా ఉంటాయే తప్ప మేలు లేకపోగా కీళ్ళకు, నడుముకు కీడని. తాను వందలమందిచేత అవే చేయించానని ఆ పిల్ల బాధ. "చదువుకొందామంటే పుస్తకం ఇంగ్లీషులో ఉన్నది, పరీక్ష ఇంగ్లీషులోనే. నేను తెలుగు మీడియం" అన్నది. ఆ చివరి మాట నాకు సూటిగా తగిలింది. ఆమెను అట్లా చదివించినవాళ్ళం మనమే గదా!

ఆ రోజునుండి వారానికి రెండు సాయంత్రాలు ఆమె, నేను సైన్సు గదిలో కూర్చొన్నాము. ఆమె తెచ్చిన పాఠాలను ఒక్కొక్క పుటగా చదివాము. ఒక విషయం చెబితే మీరు ఆశ్చర్యపోతారు. ఇంగ్లీషు పేరు చూసి భయపడిన చోటల్లా, అది మనం చెప్పిన కండరం, స్నాయువు, ధమని, శ్వాసకోశం అని తెలియగానే ఆమె ముందుకు దూకేది. తొమ్మిదవ తరగతిలో వేసిన గుండె బొమ్మ ఆమెకు చేతితో గీసేటంతగా గుర్తున్నది. భావం మాతృభాషలో ముందే ఉన్నది, దానికి మరొక పేరు మాత్రమే కావలసి వచ్చింది. ఎన్నోచోట్ల ఆమెకు తెలిసినది నాకు తెలియదు. లాక్టిక్ ఆమ్లం విషయంలో నన్ను సరిదిద్దింది ఆమెయే. ఆ సాయంత్రం ఆమె కాస్త సంకోచపడుతూ "మిస్, మీరు చెప్పింది ఇప్పుడు మార్చారట" అన్నది. మొదటిసారి ఆమె పరీక్ష తప్పింది. రెండవసారి ఉత్తీర్ణురాలైంది. మన హాలులో వ్యాయామం నేర్పడానికి అంగీకరించినది కూడ ఆమెయే.

మాధ్యమాన్ని గూర్చి మాట వచ్చింది కనుక ప్రసంగవశాత్తు ఒకటి. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చి, ఆ విద్యాసంవత్సరంనుండి ఒకటవ తరగతితో మొదలుపెట్టి తమిళం తప్పనిసరి పాఠమైనప్పుడు, మన ఉపాధ్యాయినులలో నడివయస్సు దాటినవారు సైతం వాచకాలు ముందేసికొని కూర్చున్నారు. ఇంటా బయటా తమిళం మాట్లాడేవారే అయినా వ్రాయడం రానివారుండేవారు. ఆ చట్టం మంచిచెడ్డలు నేటి సభకు సంబంధించినవి కావు. వయస్సు మీరిన పిదప పలక పట్టడం అవమానం కాదని ఈ బడి గోడలకు తెలుసునని గుర్తుచేయడమే నా ఉద్దేశం.

ఇప్పుడు చదువు సంగతి. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ అనే సంస్థ ఇచ్చే శిక్షక ధ్రువపత్రం రెండేళ్ళే చెల్లుతుంది. ఆ రెండేళ్ళలో 20 గంటల నిరంతర విద్య పూర్తిచేసి, గుండె ఆగినపుడు చేసే ప్రథమచికిత్సలో ధ్రువపత్రం కూడ చూపితేనే దానిని పునరుద్ధరిస్తారు. రెండేళ్ళకు ఇరవై గంటలంటే నెలకు గంట కూడ లేదు. మన 2020 జాతీయ విద్యావిధాన పత్రం ఉపాధ్యాయులకు ఏడాదికి 50 గంటలైనా అట్టి చదువు ఉండాలన్నది. ఆ ప్రథమచికిత్స సంగతే చూడండి. పూర్వం ముందు గాలిమార్గం, పిదప శ్వాస, ఆ తరువాత ఛాతీ నొక్కడం అని నేర్పేవారు. 2010లో వరుస మార్చి, పెద్దలకు ముందుగా ఛాతీ నొక్కడమే మొదలుపెట్టాలన్నారు. నిమిషానికి వందనుండి నూట ఇరవై సార్లు, కనీసం రెండంగుళాల లోతున. నేను 1990లలో నేర్చుకొన్న వరుస పాతది. అది మళ్ళీ నేర్చుకొనేవరకు, నా ఎదుట ఎవరైనా పడిపోయి ఉంటే నేను విలువైన క్షణాలు వృథా చేసి ఉండేదానిని.

గాలి విషయంలో కూడ అంతే. 2020 అక్టోబరులో కెనడాలోని హామిల్టన్ నగరంలో ఒక సైకిలు వ్యాయామశాలనుండి అరవైమందికి పైగా కోవిడ్ సోకింది. అక్కడ నిర్లక్ష్యం జరగలేదు. సగం మందినే అనుమతించారు, ఆరడుగుల దూరం పాటించారు, సైకిళ్ళు తుడిచారు. నాటి నిబంధనలన్నీ అమలైనవి. మూసిన గదిలో రొప్పుతూ వదిలిన ఊపిరి ఆరడుగులతో ఆగదన్న సంగతి అప్పటికి నిబంధనలలో చేరలేదు. మన హాలుకు నాలుగు కిటికీలున్నవి. రెండు మేకులు కొట్టి మూసి ఉన్నవి. శిక్షకురాలు వచ్చిన తొలిరోజు అడిగిన మొదటి ప్రశ్న అదే, "మిస్, ఆ రెండూ ఎప్పుడు తెరుస్తారు?" అని. సైకిళ్ళు కొన్న మాకెవరికీ అది తోచలేదు.

శిక్షణ పేరుతో జరిగేవన్నీ మంచివేనని నేను చెప్పబోవడం లేదు. సంతకం పెట్టి, కాఫీ త్రాగి, మధ్యాహ్నం తిరిగివచ్చిన తరగతులకు నేనూ వెళ్ళాను. వ్యాయామ రంగంలోనైతే రెండు రోజుల సమావేశం, ఒక బనీను, ఒక రంగు కాగితం ఇచ్చి సొమ్ము చేసికొనేవారు కూడ ఉన్నారని మన అమ్మాయే చెప్పింది. అందుచేత సొమ్ము కేటాయించినంత మాత్రాన పని జరిగిపోదు. ఏ తరగతికి వెళ్ళారో, ఏమి నేర్చుకొన్నారో, దానివలన హాలులో ఏమి మారిందో వచ్చి మనకు చెప్పే ఏర్పాటు ఉండాలి. మా ఉపాధ్యాయులకు కూడ ఇకనుండి ఇదే పద్ధతి పెడదామని నా ఆలోచన. వారు నన్ను చూసి నవ్వుతున్నారు, ఆ నవ్వుకు అర్థం నాకు తెలుసు.

నేను అడుగుతున్న సొమ్ము ఆ పదింటిలో ఒక్క సైకిలు వెలకంటె తక్కువ. పది సైకిళ్ళ స్థానే తొమ్మిది ఉన్నా నాకు సమ్మతమే. తొమ్మిదింటిమీద తొక్కేవారు క్షేమంగా దిగుతారు. ఒక దాత నిన్న ఫోను చేసి, "అమ్మా, సైకిలుమీద మా నాన్నగారి పేరు వ్రాయించవచ్చు, చదువుమీద ఎక్కడ వ్రాయిస్తారు?" అని అడిగారు. ఆయన పరిహాసమాడలేదు, తండ్రి పేరు నిలవాలన్న కోరిక న్యాయమైనదే. హాలు గుమ్మంప్రక్కన ఒక చెక్కపలక పెట్టిద్దాం. శిక్షకురాలి ధ్రువపత్రం, అది చెల్లే తేదీ, ఆ చదువుకు తోడ్పడినవారి పేరు దానిమీద ఉంటాయి. గడువు తీరిన రోజున హాలుకు తాళం వేసే అధికారం మాత్రం నాకివ్వండి.

పాలకవర్గం ఈ నెల చివరి శనివారం సమావేశమౌతుంది. అంతలోగా ఈ విషయమై మీ అభిప్రాయం, అది వ్యతిరేకమైనా సరే, వ్రాసి కార్యాలయంలో ఇవ్వవలసినదిగా కోరుతున్నాను. ఉదయపు తరగతికి చేరదలచిన తల్లులు పేరుతోబాటు తాము వాడే మందుల చీటీ నకలు కూడ గ్రంథాలయ ఉపాధ్యాయినిగారికి అందజేయండి. ఆ చీటీలు మా శిక్షకురాలు, నేను తప్ప మరెవరూ చూడరు. ఆ రెండు కిటికీలు తెరవడానికి వడ్రంగి సోమవారం వస్తున్నాడు.